టెట్ బిట్లలోని కుక్క, పిల్లి, చింపాంజీ: సైకాలజీని సైన్స్‌గా చూస్తే కనిపించేది ఏమిటి

క్లుప్తంగా: మనుషుల ప్రవర్తననూ ఆలోచననూ భావోద్వేగాలనూ కొలిచి, పరీక్షకు పెట్టి, నిలబడని మాటను పక్కన పెట్టే శాస్త్రం సైకాలజీ. అందులోని దృక్పథాలు పార్టీల్లాగా ఒకదాన్నొకటి ఓడించడానికి పుట్టినవిగా కనిపిస్తాయి గానీ, చాలాసార్లు అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఈ సంగతి తెలియకపోవడం వల్ల కోర్సు ఎంచుకునే దగ్గరా, సాయం కోసం ఎవరి తలుపు తట్టాలో తేల్చుకునే దగ్గరా చాలామంది తికమక పడుతున్నారు.

గందరగోళం ఎక్కడ మొదలవుతోంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైకాలజీ కొత్త మాటేమీ కాదు. టెట్‌కో డీఎస్సీకో ప్రిపేరయ్యేవాళ్లు ఏ వీధిలో చూసినా ఉంటారు, వాళ్ల సిలబస్‌లో శిశు వికాసం, పెడగాజీ (బోధనా పద్ధతులు) తప్పనిసరి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఈ పాఠాలు మళ్లీ వేలమంది నోళ్లలో నానాయి. పావ్‌లోవ్ అంటే కుక్క, థార్న్‌డైక్ అంటే పిల్లి, స్కిన్నర్ అంటే ఎలుక, కోహ్లర్ అంటే చింపాంజీ. నిద్రలో లేపి అడిగినా ఈ జతలు చెప్పేస్తారు. ఆ ప్రయోగం ఎందుకు చేశారు, దాంతో ఏది రుజువైంది, ఏది కాలేదు అని అడిగితే మాత్రం బిట్ బ్యాంకులో జవాబు దొరకదు.

దీనికి తోడు 2025 ఆగస్టులో యూజీసీ ఒక నిర్ణయం ప్రకటించింది. సైకాలజీని ఇకపై దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెప్పడానికి వీల్లేదు, ఆ ఏడాది జులై-ఆగస్టు సెషన్ నుంచే కొత్త అడ్మిషన్లు ఇవ్వకూడదు. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ చేద్దామనుకున్న టీచర్లకు ఇది పెద్ద దెబ్బే. ఇంకోవైపు పిల్లల వేలిముద్రలు చూసి ఏ గ్రూపు తీసుకోవాలో చెప్తామనీ, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్‌తో కళ్లకు గంతలు కట్టుకుని చదివిస్తామనీ ప్రకటనలు తిరుగుతూనే ఉన్నాయి. వాటి మీద కూడా సైకాలజీ అనే పేరే ఉంటుంది. ఒకే పేరు కింద ఇన్ని నడుస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లు అయోమయంలో పడటం సహజం.

పిల్లికీ చింపాంజీకీ మధ్య ఏం జరిగింది

1898లో థార్న్‌డైక్ ఆకలిగా ఉన్న పిల్లిని చెక్క పెట్టెలో పెట్టి, బయట తిండి ఉంచాడు. లోపల ఒక తాడు లాగితేనో, మీట తొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గీరింది, కొరికింది, కాళ్లు ఆడించింది, ఏదో ఒక క్షణంలో కాలు తగిలి తలుపు తెరుచుకుంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ, మళ్లీ. ప్రతిసారీ ఎంతసేపట్లో బయటపడిందో రాసుకుని గ్రాఫ్ గీశాడు. ఆ గీత ఒక్కసారిగా పడిపోలేదు, ఎగుడుదిగుడుగా, మెల్లగా దిగింది. పిల్లికి కిటుకు ‘అర్థమై’ ఉంటే రెండోసారికే టక్కున బయటపడాలి కదా. అలా జరగలేదు కాబట్టి, ఫలితం ఇచ్చిన కదలిక బలపడుతుంది, ఇవ్వనిది రాలిపోతుంది అని తేల్చాడు. యత్న దోష పద్ధతి అని మనవాళ్లు చదివేది ఇదే.

1913లో జర్మనీ నుంచి కానరీ దీవుల్లోని టెనెరిఫ్ వెళ్లి, మొదటి ప్రపంచ యుద్ధం వల్ల అక్కడే ఉండిపోయిన కోహ్లర్‌కు ఇంకోటి కనిపించింది. సుల్తాన్ అనే చింపాంజీకి బోను బయట అరటిపండు ఉంది, చేతిలో ఉన్న రెండు కర్రల్లో ఏ ఒక్కటీ అందదు. చాలాసేపు విఫలమై వదిలేసి, పక్కన కూర్చుని కర్రలతో ఆడుకుంటూ ఆడుకుంటూ ఒక కర్రను రెండోదాని బోలు కొనలోకి దూర్చింది, వెంటనే పరుగున వచ్చి పండు లాక్కుంది. ఇక్కడ మెల్లగా దిగే గీత లేదు. దీన్ని అంతర్దృష్టి అన్నాడు.

ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అని అడగడం తేలిక. కోహ్లర్ ఎత్తి చూపిన లోపం అంతకంటే లోతైనది. థార్న్‌డైక్ పెట్టెలో తాడుకీ తలుపుకీ మధ్య ఉన్న సంబంధం పిల్లి కంటికి కనిపించదు. కనిపించని దాన్ని ఆలోచించి పట్టుకోవడం మనిషికీ సాధ్యం కాదు, గుడ్డిగా ప్రయత్నించడం తప్ప దారి లేదు. చింపాంజీకి కర్ర, పండు, దూరం అన్నీ కళ్లెదుటే ఉన్నాయి. అంటే ప్రయోగం ఎలా కట్టారు అన్న దాన్ని బట్టే ఎలాంటి నేర్చుకోవడం బయటపడుతుందో కొంతవరకు ముందే తేలిపోయింది. సైకాలజీ చదివేవాళ్లకు ఇంతకంటే ముఖ్యమైన పాఠం దొరకడం కష్టం, ఇది ఒక్క మార్కు బిట్‌గా మిగిలిపోవడం నిజంగా నష్టం. తరగతి గదిలోనూ అంతే: లెక్క వెనక ఉన్న కారణం చూపించకుండా సూత్రం మాత్రమే ఇస్తే పిల్లలు థార్న్‌డైక్ పిల్లిలాగానే ప్రవర్తిస్తారు, అది వాళ్ల తెలివితక్కువతనం కాదు.

స్కిన్నర్ దగ్గర గుర్తుంచుకోవాల్సింది ఎలుక కంటే షెడ్యూలు, అంటే మీట నొక్కినందుకు గింజ ఎప్పుడెప్పుడు ఇచ్చారన్నది. ప్రతిసారీ గింజ వస్తే ఎలుక అవసరమైనప్పుడే మీట నొక్కుతుంది. ఎప్పుడు వస్తుందో తెలియకుండా అప్పుడప్పుడూ వస్తే ఆపకుండా నొక్కుతూనే ఉంటుంది, గింజ ఆపేసినా చాలాసేపటి దాకా మానదు. రీల్స్ పైకి తోసుకుంటూ పోయే వేలికీ, డబ్బులు పోతున్నా రమ్మీ వదలని అలవాటుకీ వెనక ఉన్న యంత్రాంగాల్లో ఇది ముఖ్యమైనది.

దీన్ని సైన్స్ అని ఎందుకు అంటారు

విజయనగరంలో మహారాజా కళాశాల కాలేజీ స్థాయికి ఎదిగిన 1879లోనే జర్మనీలోని లీప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ తన ప్రయోగశాల తెరిచాడు. సైకాలజీ తత్వశాస్త్రం నుంచి విడిపడి సొంత కాళ్ల మీద నిలబడిన ఏడాదిగా దాన్నే లెక్కేస్తారు. మనసు గురించి అంతకు ముందూ ఎంతో ఆలోచన ఉంది, మన దర్శనాల్లోనూ ఉంది. వుంట్ తెచ్చిన మార్పు ఏమిటంటే, శబ్దం విన్నాక స్పందించడానికి ఎంత సమయం పడుతుందో కొలవడం, అదే పరిస్థితిలో ఇంకొకరు చేసి చూడగలిగేలా రాసిపెట్టడం. మన దేశంలో మొదటి సైకాలజీ విభాగం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో మొదలైంది, మైసూరులో 1924లో.

కొలవడం అన్న మాట దగ్గరే చాలామందికి అనుమానం వస్తుంది. టెన్షన్‌ను ఎలా కొలుస్తారు? ప్రశ్నావళి మీద వచ్చిన స్కోరు, గుండె వేగం, లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఇలా రకరకాల కొలతలున్నాయి. ఇవన్నీ ఒకేలా కదలవు. ప్రశ్నావళిలో ‘నాకేం టెన్షన్ లేదు’ అని రాసినవాళ్ల గుండె గబగబా కొట్టుకుంటూ ఉండొచ్చు. అందుకే ఏ పరిశోధన చదివినా, ఏం కొలిచి ఆ మాట అంటున్నారు అన్నది మొదట చూడాలి.

రెండో మెట్టు పోలిక. కోచింగ్ ఫ్లెక్సీ మీద ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలే ఉంటాయి, అదే హాల్లో అదే ఫీజు కట్టి రానివాళ్ల ఫొటోలు ఉండవు. ఒక మెమరీ కోర్సులో చేరినవాళ్లకు మార్కులు పెరిగాయంటే కోర్సు వల్లేనా, లేక డబ్బు కట్టి చేరేంత పట్టుదల ఉన్నవాళ్లు ఎలాగూ బాగా చదివేవాళ్లేనా? తేల్చాలంటే ఒప్పుకున్న వంద మందిని చీటీలు తీసి రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్రమే కోర్సు చెప్పి, రెండు గుంపులకూ ఒకే పరీక్ష పెట్టాలి. చీటీలు తీయడం వల్ల పట్టుదల, తెలివి, ఇంటి పరిస్థితి రెండు వైపులా దాదాపు సమానంగా పడతాయి. వేలిముద్రల పరీక్షలూ మిడ్‌బ్రెయిన్ ప్రదర్శనలూ ఇలాంటి పరీక్షకు నిలబడినట్టు నమ్మదగ్గ ఆధారం లేదు.

నిలబడినవి ఎలా ఉంటాయో చూడాలంటే 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం డీఎస్సీ అభ్యర్థులకు బాగా పనికొస్తుంది. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, మిగతావాళ్లు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే ఫలితం తారుమారైంది, పుస్తకం మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మళ్లీ చదివేటప్పుడు పాఠం తెలిసినదానిలా అనిపిస్తుంది, ఆ అనిపించడమే వచ్చేసిందన్న భ్రమ కలిగిస్తుంది. మూసి గుర్తు తెచ్చుకోవడం కష్టంగా ఉంటుంది, ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టి చేస్తుంది. ఇంతమంది రాత్రింబవళ్లు చదువుతున్న చోట ఈ ఒక్క ఫలితం గోడ మీద రాసిపెట్టుకోదగ్గది.

మూడోది, ఇంకొకరు చేసినా అదే ఫలితం రావడం. ఇక్కడ సైకాలజీ గట్టి దెబ్బలే తింది. 2011లో అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డారిల్ బెమ్ మనుషులు భవిష్యత్తును ముందే పసిగట్టగలరని తొమ్మిది ప్రయోగాలతో, వెయ్యి మందికి పైగా పాల్గొన్న పరిశోధనతో, పేరున్న జర్నల్‌లో ప్రచురించాడు. ఇతరులు చేస్తే ఆ ఫలితం రాలేదు. పక్కనే విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ ఇలాంటి ప్రశ్నల కోసం 1960లలోనే పారాసైకాలజీ విభాగం పెట్టింది, అమెరికాలో ఈ రంగానికి పేరుమోసిన జె.బి. రైన్‌తో పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు దానికి ఆద్యులు. అడగడం తప్పు కాదు, ప్రయోగానికి పెట్టడమూ తప్పు కాదు, ఫలితం వేరేచోట మళ్లీ రాకపోతే ఒప్పుకోవడమే సైన్స్. 2015లో పరిశోధకుల బృందం ఒకటి ప్రసిద్ధ జర్నళ్లలోని 100 అధ్యయనాలను తిరిగి చేస్తే గణాంకపరంగా నిలబడినవి 36 శాతమే. అప్పటి నుంచి ఏం కొలుస్తామో, ఎలా లెక్కిస్తామో డేటా సేకరించక ముందే నమోదు చేసే పద్ధతి పెరిగింది. సొంత ఇంట్లో తప్పులు వెతికి లెక్క బయటపెట్టిన రంగాన్ని ఆ కారణంగానే ఇంకొంచెం నమ్మొచ్చు.

గాలి శబ్దానికి నిద్ర పట్టని ఉద్దానం రైతు

దృక్పథాల సంగతి ఒక మనిషిని ముందు పెట్టుకుని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. వజ్రపుకొత్తూరు వైపు యాభై ఏళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. ఇన్నేళ్లయినా అక్టోబర్ వచ్చి, ఫోన్‌కు వాతావరణ హెచ్చరిక వచ్చిందంటే చాలు, ఆయనకు గుండె దడ, ఒళ్లంతా చెమట, రాత్రంతా మెలకువ. గాలి శబ్దం పెరిగితే మంచం దిగి పెరట్లో తిరుగుతాడు. మబ్బు పట్టిన ప్రతిసారీ విశాఖలో ఉన్న కూతురింటికి వెళ్లిపోతాడు.

జీవశాస్త్ర దృక్పథం శరీరంలో ఏం జరుగుతోందని అడుగుతుంది. మెదడులోని అమిగ్డలా ప్రమాదాన్ని గుర్తించగానే ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, నిద్ర ఎగిరిపోతుంది. మందులు పనిచేసేది ఈ స్థాయిలో.

ప్రవర్తనావాదం అడిగేది వేరు: ఈ భయం ఎలా అంటుకుంది, ఎందుకు పోవట్లేదు? పావ్‌లోవ్ కుక్కకు మెట్రోనోమ్ (లయగా టిక్కుమనే పరికరం) చప్పుడు తిండితో జతపడినట్టే ఇక్కడ గాలి హోరు ఆ రాత్రితో జతపడింది. అంటుకోవడం కంటే పోకపోవడమే ఆసక్తికరం. కూతురింటికి బస్సెక్కగానే దడ తగ్గుతుంది, ఆ ఉపశమనమే పారిపోవడాన్ని బలపరుస్తుంది. ఊళ్లోనే ఉండి మామూలు గాలి మామూలుగానే పోవడం చూసే అవకాశం ఆయనకు ఎప్పుడూ రాదు, కాబట్టి భయం సడలదు. భయపడే పరిస్థితిని కొంచెం కొంచెంగా, సాయంతో ఎదుర్కొనేలా చేసే చికిత్స ఈ తర్కం మీదే నడుస్తుంది. నిజమైన తుపాను హెచ్చరిక వస్తే మాత్రం షెల్టర్‌కు వెళ్లాల్సిందే, అది భయం కాదు, జాగ్రత్త.

సంజ్ఞానాత్మక దృక్పథం, అంటే ఆలోచనా తీరును చూసేది, మనసులోని లెక్క ఎలా తప్పుతోందో చూస్తుంది. కళ్లకు కట్టినట్టు గుర్తొచ్చేదాన్ని మనుషులు తరచుగా జరిగేదిగా అంచనా వేస్తారని ట్వెర్‌స్కీ, కానెమాన్ 1973లోనే చూపించారు. తిత్లీ రాత్రి అంత స్పష్టంగా గుర్తున్నప్పుడు ప్రతి వాయుగుండమూ తిత్లీలాగే కనిపిస్తుంది. ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మనోవిశ్లేషణ వైపు నుంచి వచ్చినవాళ్లు, తండ్రి నాటిన చెట్లు పోయిన దుఃఖం బయటికి రాకుండా భయం రూపంలో వస్తోందా అని అడుగుతారు. ఫ్రాయిడ్ సిద్ధాంతాల్లో చాలా భాగం పరీక్షకు అందదు, అయినా మనిషి పైకి చెప్పేదానికీ లోపల ఉన్నదానికీ తేడా ఉంటుందన్న గమనింపు మిగిలింది. మానవతావాదులు, అంటే కార్ల్ రోజర్స్ లాంటివాళ్లు, ఆయన్ని లక్షణాల జాబితాగా చూడకుండా, ఆయన మాట పూర్తిగా వినడంతో మొదలుపెడతారు.

సామాజిక సాంస్కృతిక దృక్పథం లేకపోతే ఈ ప్రాంతంలో కథ సగమే. నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా అప్పు, కొడుకుల వలస. ఆయన తనకు ఆందోళన ఉందని చెప్పడు, ‘గుండె దడగా ఉంటోంది, కాళ్లు లాగుతున్నాయి’ అంటాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందేమో అనుకుంటారు, మొదట తాయెత్తు, తర్వాత ఆర్‌ఎంపీ, ఆ తర్వాత గుండె డాక్టర్. ఈసీజీ బాగానే ఉందని పంపేస్తారు.

ఈ జవాబుల్లో ఏ ఒక్కటీ మిగతావాటిని రద్దు చేయదు. హార్మోన్లు లేకుండా దడ లేదు, తప్పించుకోవడం లేకుండా ఇన్నేళ్ల భయం లేదు, అప్పులు లేకుండా ఈ తీవ్రత లేదు. దృక్పథాల మధ్య నిజమైన తగాదాలూ ఉన్నాయి. మనసు గురించి మాట్లాడటమే అనవసరమని 1913లో ప్రవర్తనావాది వాట్సన్ అన్నాడు, ఆ తగాదా ప్రయోగాలతోనే ఆయనకు వ్యతిరేకంగా తేలింది.

శాఖలు

శాఖ అంటే పని జరిగే చోటు. పిల్లలు ఏ వయసులో ఏం నేర్చుకుంటారో చూసేది వికాస మనోవిజ్ఞానం, అంగన్‌వాడీల్లో దాని అవసరం రోజూ ఉంటుంది. పైడిభీమవరం ఫార్మా పరిశ్రమల్లో రాత్రి షిఫ్టులు నిద్రనూ ప్రమాదాలనూ ఎలా ప్రభావితం చేస్తాయన్నది పారిశ్రామిక మనోవిజ్ఞానం పని. కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చిన నేల ఇది, క్రీడా మనోవిజ్ఞానం గురించి ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు. విద్య, నాడీ, నేర సంబంధ శాఖలూ ఉన్నాయి. మానసిక సమస్యలను అంచనా వేసి చికిత్స చేసేది క్లినికల్.

సాంఘిక మనోవిజ్ఞానం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 2025 నవంబర్ 1న కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ, ఎక్కడైనా, ‘జనం ఎగబడ్డారు, క్రమశిక్షణ లేదు’ అన్న మాట వినిపిస్తుంది. గుంపులో చేరితే మనిషి బుద్ధి కోల్పోతాడని 1895లో గుస్తావ్ లె బోన్ రాసిన భావన అది. తర్వాతి పరిశోధనలు దాన్ని చాలావరకు తోసిపుచ్చాయి. విపత్తుల్లో గుంపులోని మనుషులు పిచ్చెక్కి ప్రవర్తించడం అరుదు, ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెయ్యందించడమే ఎక్కువగా కనిపించింది. చదరపు మీటరులో ఐదారుగురిని మించి నిలబడితే ఎవరి అడుగు మీదా వారికి అదుపు ఉండదు, వెనక నుంచి వచ్చిన తోపు నీటి అలలా ముందుకు పాకుతుంది, ముందున్నవాళ్లు ఊపిరాడక పోతారు. వెనకున్నవాళ్లకు ముందు ఏమవుతోందో తెలియదు. అంటే అడగాల్సింది భక్తుల బుద్ధి గురించి కాదు, దారి వెడల్పు, లోపలికీ బయటికీ వేర్వేరు మార్గాలు, జనసాంద్రతను కనిపెట్టే మనిషి గురించి. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం లాంటి జన సముద్రాలకు ఏర్పాట్లు చేసేవాళ్లు ఈ తేడా తెలుసుకుంటే ప్రాణాలు నిలుస్తాయి.

ఎవరి మీద చేసిన పరిశోధన

పాఠ్యపుస్తకంలోని ఫలితాల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా దేశాల కాలేజీ విద్యార్థుల మీద చేసినవి. వాళ్లు ప్రపంచ జనాభాకు ప్రతినిధులు కారని 2010లో హెన్రిచ్, ఆయన సహచరులు గట్టిగా వాదించారు. రెండు సమానమైన గీతలకు బాణం కొనలు లోపలికీ బయటికీ తగిలిస్తే ఒకటి పొడవుగా కనిపించే ముల్లర్-లయర్ భ్రమ కూడా అన్ని సమాజాల్లో ఒకే మోతాదులో ఉండదని 1966లోనే తేలింది. కంటి చూపే ఇలా మారితే, గౌరవం, సిగ్గు, కుటుంబం మీద ఆధారపడటం లాంటి వాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవాళ్లలో 10.6 శాతానికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందనీ, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదనీ లెక్క తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. సీతంపేట కొండల్లో సవర గిరిజన కుటుంబాలకో, ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి డయాలసిస్‌కు తిరిగే ఇళ్లకో ఆ అంకెలు ఎంతవరకు వర్తిస్తాయన్నది ఇక్కడికొచ్చి చూస్తేనే తెలుస్తుంది.

బోర్డు మీద ఏముందో చూడాలి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చేసి ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు చేస్తారు, మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు, భారత పునరావాస మండలి అంటే ఆర్‌సీఐ గుర్తించిన శిక్షణ పూర్తి చేసి అందులో నమోదై ఉండాలి. మామూలు ఎమ్మే, ఎమ్మెస్సీ సైకాలజీతో ఆ హోదా రాదు. కౌన్సెలర్ అన్న బోర్డు వెనక మంచి శిక్షణ ఉన్నవాళ్లూ ఉంటారు, వారాంతపు కోర్సు సర్టిఫికెట్ ఉన్నవాళ్లూ ఉంటారు. ఈ తేడాలను చట్టంలో పెట్టే ప్రయత్నమే 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం. క్లినికల్ కాని ఇతర సైకాలజిస్టులు దాని పరిధిలోకి వచ్చారు, దూరవిద్య ఆగిపోవడానికి మూలం అక్కడే ఉంది. మనుషులతో ఎదురుగా కూర్చుని, పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోవాల్సిన పనిని పోస్టులో వచ్చిన మెటీరియల్‌తో నేర్పడం కుదరదన్నది ఆ నిర్ణయం వెనక ఉన్న వాదన. అది సబబే. నష్టమల్లా రెగ్యులర్ సీట్లు దగ్గర్లో పెద్దగా లేని జిల్లాల వాళ్లకి.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు చేరేముందు మూడు అడగాలి: కోర్సు రెగ్యులరా, ప్రయోగశాల, ఫీల్డ్ వర్క్ ఉన్నాయా, క్లినికల్ అయితే ఆ సీటుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందా. సాయం కావాల్సినవాళ్లు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఉచితంగా, తెలుగులో, ఏ వేళప్పుడైనా మాట్లాడొచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరకు వెళ్తే ఆర్‌సీఐ రిజిస్టర్‌లో వాళ్ల నంబర్ ఎంతో అడగొచ్చు, రిజిస్టర్ అయినవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.